మొదటిసారి సర్ఫింగ్‌కి కోవలం వెళ్తున్నాం: రెండు రోజులు ఎలా ప్లాన్ చేసుకోవాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. హైదరాబాద్ నుంచి ఐదుగురు ఫ్రెండ్స్‌మి ఆగస్టులో ఒక శని, ఆదివారాలు కోవలం వెళ్లి సర్ఫింగ్ నేర్చుకోవాలనుకుంటున్నాం. ఎవరికీ అనుభవం లేదు, ఇద్దరికి ఈత కూడా రాదు. శుక్రవారం సాయంత్రం రైలెక్కి శనివారం దిగగానే క్లాసుకి వెళ్లిపోదామని ఆలోచన. ఇది కుదురుతుందా? వెంట ఏం తీసుకెళ్లాలి? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

జవాబు 1:
ముందు ఒక విషయం తేల్చుకోండి. కోవలాలు రెండున్నాయి. ఒకటి కేరళలో తిరువనంతపురం దగ్గర, రెండోది చెన్నై నుంచి మహాబలిపురం వెళ్లే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద. రూమ్ బుక్ చేసే యాప్‌లో ఉత్త "కోవలం" అని కొడితే చాలాసార్లు కేరళదే ముందు వస్తుంది. ఆగస్టులో అటువైపు నైరుతి రుతుపవనాల సముద్రం ఉధృతంగా ఉంటుంది, కొత్తవాళ్లు దిగే కాలం కాదు. మీకు కావాల్సింది చెన్నై వైపుది. డబ్బు కట్టే ముందు అడ్రసులో చెంగల్పట్టు జిల్లా అని ఉందో లేదో చూసుకోండి.

ఇక రైలు సంగతి. చార్మినార్ ఎక్స్‌ప్రెస్ సాయంత్రం బయల్దేరి మర్నాడు పొద్దున తాంబరం చేరుస్తుంది. చెన్నై సెంట్రల్ దాకా పోయి ఊరంతా దాటి రావడం కంటే తాంబరంలో దిగడమే మేలు. అక్కడి నుంచి వండలూరు, కేలంబాక్కం మీదుగా కోవలం సుమారు 30 కిలోమీటర్లు. అయినా రూమ్‌కి చేరి, టిఫిన్ తిని, బీచ్‌కి వెళ్లేసరికి పది దాటుతుంది. అలలు బాగుండే సమయం అప్పటికి అయిపోవస్తుంది. నా సలహా ఏంటంటే, రైల్లో వస్తే శనివారం సముద్రం జోలికి పోకుండా ఊళ్లు చూసేసి, ఆదివారం పొద్దున్నే క్లాసు పెట్టుకోండి. రెండు క్లాసులు కావాలంటే శుక్రవారం రాత్రి ఫ్లైట్‌కి రండి. గంటంబావు ప్రయాణం, ఎయిర్‌పోర్ట్ నుంచి కోవలం సుమారు 35 కిలోమీటర్లు.

జవాబు 2:
పై సమాధానంలో చెప్పిన పొద్దుటి లెక్కకు కారణం గాలి. ఈ కాలంలో తెల్లవారుజామున గాలి పడమర నుంచి, అంటే ఒడ్డు నుంచి సముద్రం వైపు వీస్తుంది. ఆ గాలి అలకు ఎదురుగా తగిలి దాన్ని కాసేపు నిలబెడుతుంది. అల నున్నగా, ఒక పద్ధతిలో విరుగుతుంది. మధ్యాహ్నానికి గాలి తిరిగి సముద్రం మీంచి కొడుతుంది, నీళ్లన్నీ ముక్కలు ముక్కలుగా లేస్తాయి. అందులో బోర్డు మీద పడుకోవడమే కష్టం, ఇక లేచి నిలబడేదెక్కడ! క్లాసు 6 గంటలకో, మహా అయితే 7కో మొదలవ్వాలి.

వెళ్లేముందు ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్‌లో తీరప్రాంత అలల సూచన చూడండి. ఈ సంస్థ మన హైదరాబాద్‌లోనే, ప్రగతినగర్‌లో ఉంది. అక్కడ అల ఎత్తు ఒక్కటే చూసి ఊరుకోవద్దు, పక్కనే సెకన్లలో ఇచ్చే వ్యవధి కూడా చూడండి. ఒక మీటరు ఎత్తే అయినా 6 సెకన్లకొకటి వచ్చేది గాలి రేపిన అల, దానికి బలం తక్కువ. అదే ఎత్తు 12 సెకన్ల వ్యవధితో వస్తే చాలా బరువుగా పడుతుంది. కొత్తవాళ్లకి అర మీటరు నుంచి ముప్పావు మీటరు చాలు. ఉప్పెన అలల హెచ్చరిక ఉన్న రోజు క్లాసు మానుకోండి, మర్నాటికి మార్చమని అడగండి. ఆగస్టులో ఈ తీరంలో అలలకి కొదవ ఉండదు. 2025 ఆగస్టులో ఆసియా సర్ఫింగ్ చాంపియన్‌షిప్ జరిగింది మహాబలిపురంలోనే.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్సండీ. ఫ్లైట్‌కే చూస్తాం. ఈత రాని ఇద్దరూ దిగొచ్చా? ఇంకొకరికి కళ్లద్దాలు లేకపోతే ఏమీ కనబడదు.

జవాబు 3:
దిగొచ్చు, కానీ నడుము లోతు దాటకూడదు. ఈత రాదని క్లాసు వాళ్లకి బుక్ చేసేటప్పుడే చెప్పండి, అక్కడికెళ్లాక మొహమాటపడొద్దు. ఒక్కో శిక్షకుడికి ఎంతమందిని ఇస్తారో కూడా ఫోన్‌లోనే అడగండి. మీ గుంపులో ఆ ఇద్దరికీ కలిపి ఒక శిక్షకుణ్ణి విడిగా అడగడం మంచిది. లైఫ్ జాకెట్ ఉంటే ఇమ్మనండి. అది వేసుకుని బోర్డు మీద బోర్లా పడుకుంటే కాస్త ఇబ్బందే, అయినా ఈత రానివాళ్లకి అదే నయం. కాంటాక్ట్ లెన్సులు నీళ్లలో పోతాయి, కళ్లు మండుతాయి. పాత కళ్లద్దాలకి వెనక బిగుతైన పట్టీ కట్టుకుని దిగమనండి. ఉంగరాలు, గొలుసులు రూమ్‌లోనే పెట్టేయండి.

బోర్డు మెత్తటి పైభాగం ఉన్నది, 8 నుంచి 9 అడుగులది ఇమ్మని అడగండి. చిన్న బోర్డు చూడ్డానికి బాగుంటుంది గానీ కొత్తవాళ్ల కింద నిలవదు. కాలికి కట్టే తాడు వెనక కాలికే కట్టాలి. ఏది వెనక కాలో తెలియకపోతే కళ్లు మూసుకుని నిలబడి, ఫ్రెండ్‌ని వెనక నుంచి మెల్లగా తొయ్యమనండి. పడిపోకుండా ముందుకు ఏ కాలు వేస్తారో అది ముందు కాలు.

ఇసుకలో నేర్పేటప్పుడు శ్రద్ధగా చేయండి, చాలామంది ఇక్కడే తొందరపడతారు. పడుకున్నప్పుడు కాలివేళ్లు బోర్డు తోక అంచుకి తగలాలి. అల వెనక నుంచి ఎత్తినట్టు అనిపించాక ఇంకో రెండు మూడు బలమైన చేతి ఊపులు వేయాలి. తర్వాత అరచేతులు ఛాతీ పక్కన బోర్డు మీద ఆనించాలి, అంచులు పట్టుకోవద్దు. ఒళ్లు పైకి నెట్టి, ముందు పాదం రెండు చేతుల మధ్యకి తేవాలి. మోకాళ్లు వంచి ఉంచాలి, చూపు ఒడ్డు మీద ఉండాలి. కిందికి చూశారో, పడ్డట్టే.

బోర్డు ముక్కు నీళ్లలోకి దిగబడి బోర్లా పడుతుంటే మీరు బాగా ముందుకి పడుకున్నారని అర్థం, నాలుగు వేళ్లంత వెనక్కి జరగండి. అల మిమ్మల్ని వదిలేసి వెళ్లిపోతుంటే బరువు వెనక ఎక్కువైంది, లేదా చేతులు ముందే ఆపేశారు. మోకాళ్ల మీద కూర్చుని తర్వాత లేద్దామనుకుంటే మాత్రం అదే అలవాటవుతుంది, మొదటి నుంచీ నేరుగా పాదాల మీదకే రండి.

జవాబు 4:
ఛాతీ, చేతుల లోపలివైపు బోర్డు రాసుకుని చర్మం ఎర్రగా లేచిపోతుంది. దిగేముందు ఒళ్లంతా కొబ్బరినూనె రాసుకోండి.

జవాబు 3:
అన్నా, నూనె మాత్రం వద్దు. అది బోర్డుకి అంటుకుంటే ఇక కాలు నిలవదు. పొడుగు చేతుల లైక్రా టీషర్టు వేసుకుంటే చాలు, రాపిడీ ఎండా రెండూ తప్పుతాయి. చంకల దగ్గర మాత్రం కాస్త వాజలిన్. సన్‌స్క్రీన్ ముఖానికి, మెడకి, పిక్కల వెనక రాసుకుని చేతులు సబ్బుతో కడుక్కోండి. కాటన్ టీషర్టు, జీన్స్ షార్ట్స్ వద్దు, తడిసి బరువెక్కుతాయి.

జవాబు 2:
భద్రత గురించి ఇంకొన్ని మాటలు. పడేటప్పుడు కాళ్ల మీద దూకొద్దు, తలకిందులుగా అసలే వద్దు. నీళ్ల మీద వెడల్పుగా పడి, పైకి వచ్చేటప్పుడు రెండు చేతులతో తల కప్పుకోండి. బోర్డు పైనే ఎక్కడో తిరుగుతూ ఉంటుంది. లోపలికి నడిచేటప్పుడు బోర్డు మీ పక్కన ఉండాలి, ముక్కు అలకి ఎదురుగా ఉండాలి. మీకూ అలకీ మధ్య అడ్డంగా పెట్టారంటే అల దాన్ని తెచ్చి ఛాతీకో పళ్లకో కొడుతుంది.

రెండు పక్కలా అలలు విరుగుతూ మధ్యలో ఒక పాయ ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో కనబడితే అక్కడ దిగొద్దు. అదే లోపలికి లాగే ప్రవాహం. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదొద్దు. బోర్డు వదలకుండా పడుకుని, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి వెళ్లి, నురగ ఉన్నచోట బయటికి రండి. ఈత రానివాళ్లు బోర్డునే పట్టుకుని చెయ్యి ఊపుతూ పిలవాలి. పొద్దుటి గాలి కూడా సముద్రం వైపే తోస్తుంది కాబట్టి బోర్డు మీద పడుకుని కబుర్లు చెప్పుకుంటూ ఉండిపోకండి. రాత్రిపూట, మందు తాగాక నీళ్లలోకి వెళ్లొద్దు. దయచేసి ఈ ఒక్కదానికీ ఫ్రెండ్స్ మాట వినకండి.

జెల్లీ చేప తగిలితే ఇసుకతో రుద్దొద్దు, మంచినీళ్లు పోయొద్దు. సముద్రపు నీటితోనే కడిగి, అంటుకున్న దారాలు కార్డుతో తీసేసి, ఒళ్లు ఓర్చుకునేంత వేడినీళ్లలో 20 నిమిషాలు ఉంచండి. ఆయాసం వస్తే నేరుగా ఆసుపత్రికే.

జవాబు 5:
క్లాసు అయ్యాక శనివారం మధ్యాహ్నం పడుకోండి, భుజాలు పట్టేస్తాయి. నాలుగింటికల్లా మహాబలిపురం చేరితే పంచరథాలు, తీరదేవాలయం ఒకే టికెట్‌తో చూడొచ్చు, కోవలం నుంచి 20 కిలోమీటర్లు. దారిలో మొసళ్ల పార్కు ఉంది, సోమవారం సెలవు.

చేపలు తినేవాళ్లయితే మెనూలో వంజరం అని ఉంటే అది మన కోస్తాలో కోనెం, వవ్వాల్ అంటే చందువ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం, ఆ రోజుల్లో పెద్ద చేప దొరకడం కష్టం. ఆగస్టులో ఆ ఇబ్బంది లేదు.

నెల్లూరు వైపు నుంచి కారులో వచ్చేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, చెన్నై ఊళ్లోకి దిగకండి. రెడ్‌హిల్స్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్ పట్టుకుంటే వండలూరులో తేలతారు, అక్కడి నుంచి కేలంబాక్కం రోడ్డు. సీట్ల మీద పరచడానికి పాత దుప్పటి, తడిబట్టలకి మూతున్న బకెట్ ఒకటి డిక్కీలో వేసుకోండి. ఉప్పునీళ్లు సీటులోకి ఇంకితే వాసన ఒక పట్టాన పోదు.