కారుకు ఇంట్లోనే రంగు: వేసుకోవచ్చా, షెడ్డుకే ఇవ్వాలా?

కాకినాడ_కుర్రాడు:
మాది 2008 మోడల్ మారుతి 800, తెల్లది. నాన్నగారు కొన్న బండి, అమ్మే ఉద్దేశం లేదు. రూఫ్ మీద, బానెట్ మీద చెయ్యి వేస్తే తెల్లటి పొడి అంటుకుంటోంది. డ్రైవర్ డోర్ కింది అంచు తుప్పు పట్టింది. ఫుల్ పెయింట్‌కి షెడ్డులో ముప్పై అయిదు వేలు చెప్పారు. బండి అమ్మినా అంత వస్తుందో రాదో! అమెరికాలో కొందరు రస్ట్-ఓలియం కంపెనీ ఎనామిల్‌ని పల్చగా కలిపి, ఫోమ్ రోలర్‌తో కారంతా వేసేస్తున్నారు. మన సింథటిక్ ఎనామిల్‌తో అదే పని పెరట్లో చేసుకుంటే తప్పేంటి? షెడ్డువాళ్లు తీసుకునే దాంట్లో రంగు ఖర్చు తక్కువ, కూలీ ఎక్కువ. ఆ కూలీ పని నేనే చేసుకుంటానంటున్నా.

ఆటోనగర్_అబ్బాయి:
తమ్ముడూ, కూలీ ఎక్కువన్న మాట నిజమే. అందుకే ఎనామిల్ వద్దంటున్నా. అది గేట్లకూ గ్రిల్స్‌కూ వేసే రంగు. గాలిలో ఆక్సిజన్ తగిలి మెల్లగా గట్టిపడుతుంది, పూర్తిగా గట్టిపడటానికి వారాలు పడుతుంది. పైకి ఆరినట్టే కనిపిస్తుంది, గోరుతో నొక్కితే గుర్తు పడుతుంది. అసలు చిక్కు తర్వాత వస్తుంది. రేపు ఏ ఆటోవాడో ఫెండర్‌కి గీశాడనుకో. షెడ్డులో దాని మీద 2కే పెయింట్ (హార్డనర్ కలిపి కొట్టే కార్ల రంగు) కొట్టగానే, అందులోని థిన్నర్‌కి కింది ఎనామిల్ ముడతలు పడి లేచిపోతుంది. అప్పుడు రేకు కనపడేదాకా గీకాలి. మా నాన్న పెయింటరే. అలాంటి బండి వస్తే రేటు కూడా చెప్పడు, "వేరేచోట చూసుకోండి" అంటాడు.

రోలర్_రావు:
షెడ్డువాళ్లు భయపెట్టకపోతే గిరాకీ ఎలా వస్తుంది లెండి! మా ఓమ్నీకి నేను రోలర్‌తోనే వేశాను, ఇప్పటికీ తిరుగుతోంది. వీడియోల్లో చెప్పనిది ఒకటుంది, ఇందులో రంగు వెయ్యడం కంటే రుద్దడమే ఎక్కువ. రంగును మినరల్ టర్పెంటైన్‌తో దాదాపు పాలంత పల్చగా కలపాలి. మొదటి కోటు చూస్తే ఏడుపొస్తుంది, కింది రంగంతా కనిపిస్తుంది. అక్కడే చాలామంది చిక్కగా పట్టించేసి పాడు చేస్తారు. రెండు కోట్లకోసారి వాటర్ పేపర్ (నీళ్లతో తడిపి రుద్దే గరుకు కాగితం) పట్టాలి. అలా ఆరేడు కోట్లు పడ్డాక 1000, 1500, 2000 నంబర్ల పేపర్లతో వరసగా రుద్ది, మెరుపు తెచ్చే రబ్బింగ్ కాంపౌండ్ కొట్టాలి. మెటాలిక్ రంగులకు మాత్రం ఇది పనికిరాదు. రోలర్‌తో వేస్తే అందులోని అల్యూమినియం రేణువులు ఒక తీరుగా పరుచుకోవు, మచ్చలు మచ్చలుగా కనిపిస్తాయి. తెలుపు కాబట్టి మీకు ఇబ్బంది లేదు.

గ్యారేజ్_గోపి:
రోలరూ వద్దు, ఎనామిలూ వద్దు బ్రో. ఒక కంప్రెసర్ అద్దెకు తెచ్చుకుని 2కే నే ఇంట్లో కొట్టెయ్. సామాను ఖర్చే అవుతుంది. పనిలో పనిగా మిలిటరీ గ్రీన్ వేసెయ్, కేక ఉంటుంది.

వైజాగ్_లక్ష్మి:
గోపి గారూ, మిలిటరీ గ్రీన్ సంగతి ముందు. ఆలివ్ గ్రీన్ రక్షణ శాఖ వాహనాలకు తప్ప ఎవరూ వెయ్యకూడదని 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వ నిబంధన ఉంది. వేరే రంగు వేసినా ఆర్సీలో మార్పించుకోవాలి, ఎందుకంటే అందులో రంగు రాసి ఉంటుంది. ఉన్న తెలుపే మళ్లీ వేస్తే ఆ గొడవ లేదు.

ఇక 2కే. నేను ఫ్యాక్టరీ సేఫ్టీలో పనిచేస్తాను. ఆ పెయింట్‌లో కలిపే హార్డనర్‌లో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. స్ప్రే గన్‌తో కొట్టినప్పుడు ఆ తుంపర పీలిస్తే ఆస్తమా రావచ్చు. ఒకసారి దానికి ఎలర్జీ వచ్చిందంటే, ఆ తర్వాత కొద్దిపాటి తుంపర తగిలినా ఊపిరాడదు. ముక్కుకు రుమాలు, మెడికల్ షాపు మాస్కు దేనికీ పనికిరావు. బయటి నుంచి మంచి గాలి పంపే మాస్కు కావాలి. వాసన రావట్లేదు కదా, ఏం కాదులే అనుకోవడానికీ లేదు. పెరట్లో అమ్మ బట్టలు ఆరేస్తూ ఉంటుంది, పక్కింటి పిల్లలు ఆడుకుంటూ ఉంటారు. వాళ్లకు మాస్కు ఎవరు పెడతారు?

గ్యారేజ్_గోపి:
షెడ్డుల్లో కుర్రాళ్లు మూతికి తువ్వాలు చుట్టుకుని రోజూ కొడుతున్నారు కదండీ.

వైజాగ్_లక్ష్మి:
కొడుతున్నారు. యాభై ఏళ్లు దాటిన పెయింటర్లు ఎంతమంది ఇంకా గన్ పట్టుకుంటున్నారో మీ ఊళ్లో అడిగి చూడండి.

ఆటోనగర్_అబ్బాయి:
మేడమ్ చెప్పింది నిజం, మా ఇంట్లో ఆ దగ్గు రోజూ వింటున్నా. అది అలా ఉంచితే, చిన్న అద్దె కంప్రెసర్‌కి గన్ అడిగినంత గాలి ఉండదు. డోర్ సగంలో ప్రెజర్ పడిపోయి చుక్కలు పడతాయి. కాకినాడ ఉక్కకి ట్యాంకులో నీళ్లు చేరి రంగులోకి వస్తాయి. పోనీ ఎన్‌సీ పెయింట్ (హార్డనర్ లేకుండా త్వరగా ఆరే నైట్రోసెల్యులోజ్ రంగు) కొడదామా అంటే, గాల్లో తేమకి ఆరేలోపే తెల్లగా మబ్బు పట్టేస్తుంది.

పాత_బండి_మాస్టారు:
ఇంత చర్చ జరిగింది గానీ, అసలు ఆ బండికి రంగు అవసరమా అని ఒక్కరూ అడగలేదు! చేతికి పొడి అంటుతోందంటే ఎండకు పైపొర మాడింది, అంతే. కింద రంగు ఉండి ఉండవచ్చు. బాబూ, బానెట్ మీద జానెడు మేర కడిగి, కొంచెం రబ్బింగ్ కాంపౌండ్ వేసి తడిబట్టతో రుద్ది చూడు. బట్టకు తెలుపు అంటిందంటే రంగు పైన వేరే క్లియర్ కోటు, అంటే రంగులేని పారదర్శక పొర, లేనట్టే. ఆ రుద్దిన చోట మెరుపు వస్తే, నీకు కావాల్సింది పాలిష్. అంచుల దగ్గర, మడతల దగ్గర మాత్రం ఎక్కువ రుద్దకు. అక్కడ రంగు పల్చగా ఉంటుంది, ప్రైమర్ బయటపడుతుంది.

కాకినాడ_కుర్రాడు:
మాస్టారూ, రుద్దాను. బట్ట తెల్లగా అయింది, బానెట్ మీద ఆ ముక్క మాత్రం ట్యూబ్‌లైట్ కనిపించేలా మెరుస్తోంది! ఇక మిగిలింది డోర్. దానికైనా రోలర్ వెయ్యనా?

రోలర్_రావు:
వెయ్యండి. కానీ పాలిష్ ఎన్నాళ్లుంటుంది? ఎండలో పెడితే మళ్లీ పొడే. అప్పుడు నా దగ్గరికే వస్తారు.

పాత_బండి_మాస్టారు:
పాలిష్ చేశాక వ్యాక్స్ వేసి, బండి మీద కవర్ కాకుండా నెత్తిన నీడ ఏర్పాటు చేస్తే మళ్లీ పొడి త్వరగా రాదు రావు గారూ. దుమ్ము పట్టిన కవర్ గాలికి కదిలి గీతలు పెడుతుంది.

ఆటోనగర్_అబ్బాయి:
తమ్ముడూ, డోర్‌కి రంగు కంటే ముందు ఒకటి చూడు. డోర్ తెరిచి కింది అంచున వేలు పెట్టి తడుము, నీళ్లు పోవడానికి చిన్న చిన్న కంతలు ఉంటాయి. అద్దం పక్క నుంచి దిగిన వాననీళ్లు వాటిలోంచే పోవాలి. మట్టితోనో, ఎవరో పూసిన పుట్టీతోనో అవి మూసుకుపోతే తుప్పు లోపలి నుంచి వస్తుంది. బయట ఎంత ఖరీదైన రంగేసినా ఒక్క వానాకాలమే. కంతలు తెరువు, మెత్తబడిన రేకు కోయించి అతుకు వేయించు. పుట్టీ పూశాక నీళ్లతో రుద్దనివ్వకు, అది నీళ్లు పీల్చి తర్వాత బుడగలు లేస్తుంది. రుద్దుడు పొడిగానే, దుమ్ముకి మాస్కు పెట్టుకుని నువ్వే చేసుకో, కూలీ తగ్గుతుంది. రంగు మాత్రం షెడ్డులో ఒక్క డోర్‌కే కొట్టించు. కొత్త తెలుపు పాత తెలుపుతో కలవాలి కదా, అందుకని పక్క ఫెండర్ మీద ఒక మూల పాలిష్ చేసి చూపించి షేడ్ కలిపించు.

మిగతా బండి పాలిష్, వ్యాక్స్ రంగు అయ్యాకే. ముందే చేస్తే వాటిలోని సిలికాన్ డోర్ మీదికి చేరి, కొత్త రంగులో చేప కళ్లలా గుంటలు పడతాయి. ఆ మూల పాలిష్ చేసినా సిలికాన్ లేని కాంపౌండ్‌తోనే చెయ్యి.

కాకినాడ_కుర్రాడు:
కంతలు నాలుగూ మూసుకుపోయి ఉన్నాయి అన్నా. చీపురుపుల్ల పెట్టి తీస్తే గ్లాసెడు ఎర్రనీళ్లు కారాయి. ఒక్క డోర్‌కి అతుకుతో కలిపి ఎంత అడగొచ్చు?