నెబ్బియోలో (ఎర్ర ద్రాక్ష) వైన్‌లో మాలోలాక్టిక్, అంటే బ్యాక్టీరియా పుల్లని మాలిక్ ఆమ్లాన్ని మెత్తని లాక్టిక్ ఆమ్లంగా మార్చే దశ, మధ్యలో ఆగిపోయింది, ఏం చేయాలి?

ఇటలీ, పియెమొంటె. బరోలో కొండల మీది సెర్రాలుంగా దాల్బాలో ఒక పాత కుటుంబ వైనరీ, 2,500 లీటర్ల స్లావోనియన్ ఓక్ పీపా. చక్కెర పూర్తిగా పులిసిపోయింది, లీటరుకు 1 గ్రాము లోపే. ఆల్కహాల్ 14.6%, పీహెచ్ 3.32, మొత్తం సల్ఫర్ డైఆక్సైడ్ 38 మిల్లీగ్రాములు.

మాలిక్ ఆమ్లం 1.9 నుంచి 0.9 గ్రాములకు దిగి, మూడు వారాలుగా అక్కడే ఉంది. ఆమ్లాలను విడదీసి చూపే క్రొమటోగ్రఫీ కాగితం మీద మాలిక్ పసుపు మచ్చ చెక్కుచెదరలేదు. సెల్లార్ 13 డిగ్రీలు. అసలు దొంగ ఈ చలేనని మొదట అనుకున్నాం. లోపల స్టీల్ ప్లేట్లు దించి, వేడినీళ్లు తిప్పి వైన్‌ను 20 డిగ్రీలకు తెచ్చాం. వారానికి రెండుసార్లు అడుగు మడ్డిని కలిపాం. కొత్త బ్యాక్టీరియాను 25 డిగ్రీల నీళ్లలో 15 నిమిషాలు నానబెట్టి నేరుగా వేశాం. ఆల్కహాల్ దెబ్బకు చచ్చిపోయినట్టుంది, కదలిక లేదు.

ఇది పూర్తయ్యేదాకా వైన్‌ను కాపాడే సల్ఫర్ వేయలేం, అది ఈ బ్యాక్టీరియానూ అణిచేస్తుంది. ఈలోగా వోలటైల్ ఆమ్లం (వెనిగర్ పులుపు) లీటరుకు 0.42 నుంచి 0.50 గ్రాములకు పెరిగింది, వైన్ వాసన చెడగొట్టే బ్రెట్ అనే ఈస్ట్ భయం వేరే. బరోలో వైన్‌కి 18 నెలలు చెక్కలో ఉండాలన్న నియమం ఎలాగూ ఉంది కాబట్టి సీసాల్లో నింపే తొందరేం లేదు.

ఇదే వైన్ కొంచెం తీసి, సగం నీళ్లు కలిపి, అందులో బ్యాక్టీరియాను అలవాటు చేసి, 3% తోడులా వేయడమా, లేక వసంతంలో సెల్లార్ వేడెక్కేదాకా ఆగడమా? ఇంత ఆల్కహాల్‌లో మీకు ఏది పనిచేసింది?