అయస్కాంతపు దిమ్మెతో వచ్చే రోలింగ్ షార్పెనర్ కొనొచ్చా?

కత్తిని అయస్కాంతపు దిమ్మెకు ఆనించి, పక్కన డైమండ్ చక్రాన్ని దొర్లిస్తే పదునెక్కుతుందట. ఫోన్ తెరిస్తే ఈ ప్రకటనే. వంటింటి కత్తులకు 15 లేదా 20 డిగ్రీల కోణం కదలకుండా నిలుస్తుందన్న మాట నమ్మేలాగే ఉంది. సానరాయి మీద చేత్తో నూరేటప్పుడు కష్టమంతా అక్కడే కదా.

కానీ నా దగ్గర ఉలులు కూడా ఉన్నాయి. వాటికి వాలు ఒకవైపే, 25 నుంచి 30 డిగ్రీలు. దీంతో ఉలికి పదును పెట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా? చిన్న కత్తుల అంచు చక్రానికి అందుతుందా? ప్రకటనల్లో టమాటా కోసి చూపిస్తారు గానీ, నూరాక అంచున లేచే సన్నటి లోహపు పొర పోయిందో లేదో చూపించరు. నాకు అదే ముఖ్యం. కొన్నాళ్లు వాడాక డైమండ్ పూత అరిగిపోతుందా?

లేదంటే ఆ డబ్బుతో 1000 గ్రిట్ (గరుకుదనం కొలత) సానరాయి, ఉలిని కోణంలో పట్టి ఉంచే గైడ్ కొనుక్కోవడం మేలా? వాడి చూసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.