ఆశ్చర్యార్థకాన్ని వీపున మోసే పురుగు: తెలుగులో ఏమందాం?

ఫార్గో నుంచి, అడిగిన సభ్యురాలు:

అందరికీ నమస్కారం. మాది ఎమ్మిగనూరు పక్కన పల్లె. ఇప్పుడుండేది అమెరికాలో, నార్త్ డకోటా రాష్ట్రంలోని ఫార్గోలో. వేసవంతా పొద్దుతిరుగుడు చేలల్లో తిరిగి, మొక్కకు ఎన్ని పురుగులున్నాయో లెక్కపెట్టి రాసుకోవడం నా ఉద్యోగం. జూన్ మొదట్లో, మొక్కలింకా జానెడు కూడా లేవని రోజుల్లో, ఆకు అంచు కొరుకుతున్న ఒక పురుగును ఫోటో తీసి అమ్మకు పంపాను. "అక్షింతల పురుగే గదమ్మా, మన వంగతోటలో ఎన్ని చూళ్ళేదు" అంది. అది కాదమ్మా అన్నాను. "మరేంది?" అంది. నా దగ్గర తెలుగు మాట లేదు. ఆ ప్రశ్నే ఇక్కడికి తెచ్చాను.

పురుగు ఎలా ఉంటుందో చెబుతాను. సుమారు కందిగింజంత. తల ఎర్రమట్టి రంగు. వీపు మీది పెంకులు మీగడ రంగు. ఒక్కో పెంకు మీద పొడవునా మూడు ముదురు చారలు. వాటికి వెలుపల, అంచు వైపు, ఇంకో పొట్టి చార ఉంటుంది. అది పెంకు సగం దాకా వచ్చి ఆగిపోతుంది, ఆగిన చోట చిన్న చుక్క. గీత, దాని కింద చుక్క. మనం వాక్యం చివర పెట్టే ఆశ్చర్యార్థకం అచ్చం అలాగే ఉంటుంది కదా! 1798లో ఈ పురుగును శాస్త్రానికి పరిచయం చేసిన ఫాబ్రీసియస్ అనే డెన్మార్క్ పండితుడు ఆ గుర్తునే పేరులో పెట్టాడు: ఎక్స్‌క్లమేషియోనిస్. ఇప్పటి పూర్తి పేరు జైగోగ్రామా ఎక్స్‌క్లమేషియోనిస్. ఇక్కడి రైతులు సన్‌ఫ్లవర్ బీటిల్ అంటారు. ఆ మాటలో మొక్క ఉంది, గుర్తు లేదు. తెలుగులో గుర్తు కూడా ఉండే పేరు కావాలని నా ఆశ, ఎందుకంటే చేలో ఈ పురుగును పట్టిచ్చేది ఆ గుర్తే.

కర్నూలు నుంచి, రైతులకు పురుగుల గురించి చెప్పే పనిలో ఉన్న సభ్యుడు:

అక్కా, పేరు తర్వాత చూద్దాం. ముందు మీ అమ్మగారు అన్న మాట గురించి రెండు ముక్కలు రాయనివ్వండి. ‘అక్షింతల పురుగు’ నాకు చాలా ఇష్టమైన పేరు. పసుపు కలిపిన బియ్యపు గింజలు ఆకు మీద చల్లినట్టు కనపడే పురుగుకు అంతకన్నా అందమైన పేరు ఎవరూ పెట్టలేరు. కానీ ఆ పేరు వల్ల నాకు ప్రతి ఏడాదీ ఒక తిప్పలు. పేనుబంకను తినిపెట్టే మేలు చేసే పురుగునూ అక్షింతల పురుగే అంటాం. వంగ ఆకు మీద పచ్చదనం గీకి జల్లెడ చేసేదాన్నీ అక్షింతల పురుగే అంటాం. పత్తి చేలో "అక్షింతల పురుగులుంటే మందు కొట్టొద్దు" అని చెప్పి వస్తాను. వారం తిరక్కుండా అదే రైతు వంగతోట చూపించి, "నువ్వు చెప్పినట్టే వదిలేసినా, ఆకంతా తినేసింది" అంటాడు. తప్పు ఆయనది కాదు. మేము పేరొకటే చెప్పాం, తేడా చెప్పలేదు. మేలు చేసేది నున్నగా మెరుస్తుంది. వంగను తినేదాని వీపున సన్నటి నూగు ఉంటుంది, మెరుపు ఉండదు. ఇప్పుడు మీ పొద్దుతిరుగుడు పురుగు కూడా ఆ పేరులోనే చేరితే మూడోది అవుతుంది. దయచేసి వద్దు.

ఫార్గో నుంచి:

తమ్ముడూ, ఇది అమ్మకు చదివి వినిపించాను. "మా కాలంలో ఈ తేడా ఎవరూ చెప్పలా" అంది.

అక్షింతల పురుగుల కుటుంబం వేరు, ఈ పురుగు కుటుంబం వేరు. ఇది ఆకుపురుగుల కుటుంబం. మన వైపు దోస, గుమ్మడి పాదుల మీద వాలే ఎర్రటి గుమ్మడి పెంకు పురుగు, వరిలో తాటాకు తెగులు తెచ్చే ముళ్ళ పురుగు, రెండూ దీని బంధువులే. మీసాలు చూస్తే తేడా తెలుస్తుంది. అక్షింతల పురుగుకు మీసాలు పొట్టిగా, కొస లావుగా ఉంటాయి. ఆకుపురుగులకు సాధారణంగా పొడవుగా, దారంలా ఉంటాయి.

ఇక్కడివాళ్ళు పొరబడేది అక్షింతల పురుగుతో కాదు, బంగాళాదుంపను నాశనం చేసే కొలరాడో పురుగుతో. దాని పేరు డెసెమ్‌లినియాటా, అంటే పది గీతలది. ఒక్కో పెంకుకు ఐదు చొప్పున మొత్తం పది నల్లటి చారలు, మెడ మీద నల్లమచ్చలు. ఒళ్ళు పెద్దది, ఇంకా గుండ్రం. నేను చెబుతున్నదానికి పెంకుకు మూడు నిండు చారలు, ఒక తెగిన చార. కొత్తగా పనిలో చేరినప్పుడు నాకు నేర్పినామె ఒకే మాట చెప్పింది: "చారలు లెక్కపెట్టు, తర్వాత చుక్క వెతుకు." నేను ఈ రోజుకీ అంతే చేస్తాను.

ఉండే చోట్లు కూడా చెప్పాలి. దక్షిణాన టెక్సస్ నుంచి ఉత్తరాన కెనడా ప్రెయిరీల దాకా, అమెరికా నడిమి మైదానాలన్నీ దీని ఇల్లు. పొద్దుతిరుగుడు పుట్టిల్లు ఉత్తర అమెరికాయే కాబట్టి, మనుషులు సాగు మొదలుపెట్టక ముందే అడవి పొద్దుతిరుగుడు మీద ఇది బతికేది. నార్త్ డకోటా, మిన్నెసోటా, మానిటోబాల్లో వందల ఎకరాల్లో పంట పెరిగాక తెగులు పురుగు అయింది. అంటే పురుగు పంట దగ్గరికి వెతుక్కుంటూ రాలేదు, పంటే దాని ఇంటి ముందుకు వచ్చింది.

బాపట్ల నుంచి, రిటైరయిన తెలుగు మాస్టారు:

అమ్మా, చక్కటి ప్రశ్న. ముందు మీ లాటిన్ మాట, గ్రీకు మాట విప్పి చూద్దాం. ఎక్స్‌క్లమేషియో అంటే కేక వేయడం. ఆ కేకను కాగితం మీద చూపించే గుర్తుకు మనవాళ్ళు ‘ఆశ్చర్యార్థకం’ అన్నారు. మన తాటాకు పుస్తకాల్లో ఈ గుర్తు లేదు, అచ్చుతో పాటు వచ్చింది. తాటాకు మీద పద్యం ఆగేచోట నిలువు గీతే ఉండేది. ఆశ్చర్యాన్ని గుర్తుతో కాక మాటతోనే చెప్పేవాళ్ళం: ఔరా, అక్కటా, బళిరా, అయ్యారే.

జైగోగ్రామాలో మొదటి సగం జైగోన్. అది కాడి. సంస్కృతంలో ‘యుగం’ దానికి చుట్టమే, యుగానికి కాడి అనీ జంట అనీ రెండర్థాలూ ఉన్నాయి. రెండో సగం గ్రామా, అంటే గీత లేదా అక్షరం. మొత్తం మీద ‘కాడిగీత’ అనవచ్చు. దుక్కి తెలిసిన మనలాంటి వాళ్ళకు ఇది దూరం మాట కాదు.

ఫార్గో నుంచి:

మాస్టారూ, కాడి అన్నారు కాబట్టి చెబుతున్నాను. ఈ జాతి పురుగులను గుర్తుపట్టడానికి భూతద్దం కింద పాదం కొసన గోళ్ళు చూస్తారు. రెండు గోళ్ళూ దగ్గరగా, సమాంతరంగా ఉండి మొదట్లో కలిసి ఉంటాయి. కాడి కింద ఎద్దుల్లాగా! పేరు పెట్టినాయన గోళ్ళు చూసి పెట్టాడని నేను అనడం లేదు. నాకు మాత్రం మీ మాట చదివాక ఆ గోళ్ళు అలాగే కనపడుతున్నాయి.

ఇదే ఉపకుటుంబంలో కాలిగ్రాఫా అని ఇంకో ప్రజాతి ఉంది, అంటే అందమైన రాత. ఆకుపురుగులకు పేర్లు పెట్టినవాళ్ళకు వాటి వీపులు రాసిన కాగితాల్లా కనపడ్డాయేమో.

గుంటూరు నుంచి ఒక సభ్యుడు:

అయితే ‘ఆశ్చర్యార్థక పురుగు’ అని ఉన్నదున్నట్టు పెట్టేస్తే సరిపోదా?

మాస్టారు:

నాయనా, ఆ మాట నువ్వు నేను అనగలం. అడ్డమైన ఎండలో చేలో నిలబడినవాడి నోటికి అది అందదు. పురుగు పేరు ఒక గట్టు మీద నుంచి ఇంకో గట్టుకు కేక వేసి చెప్పేట్టు ఉండాలి. ‘ఔరా పురుగు’ అనుకున్నాను. పలకడానికి బాగుంది కానీ గుర్తు చూపించదు, విన్నవాడు వీపు మీద ఏం వెతకాలి?

హైదరాబాదు నుంచి ఒక సభ్యురాలు:

నిలువు గీతలు కదా, ‘నామాల పురుగు’ అంటే? మా అమ్మమ్మ చారలున్న దేన్నైనా నామాలదే అనేది, ఉడుతతో సహా.

కర్నూలు సభ్యుడు:

బాగుందక్కా, కానీ నామాలంటే మూడే అనుకుంటారు. తెగిన నాలుగో చార, ఆ చుక్క రాదు. మనకు కావాల్సింది ఆ రెండే. ‘చారాచుక్క’ అంటే?

గుంటూరు సభ్యుడు:

అన్నా, కేక వేస్తే ‘సారాచుక్క’ అని వినపడుతుంది.

మాస్టారు:

అది నిజమైన అభ్యంతరమే. రైతు నోట చ, స కలిసిపోవడం మామూలు. ముందువెనకలు చేసి ‘చుక్కచార’ అందాం. చుక్కతో మొదలైన పేర్లు మన చెవికి అలవాటే: చుక్కల దుప్పి, చుక్కకూర. చుక్క, చార, రెండూ తెలుగు మాటలే. రెండూ కలిస్తే ఫాబ్రీసియస్ చూసిన గుర్తు కళ్ళ ముందుకు వస్తుంది. ‘చుక్కచార పెంకు పురుగు’. లాటిన్ మాటకు అర్థం రాయలేదు, లాటిన్ మాట పుట్టిన గుర్తును మనమూ మన కళ్ళతో చూసి పేరు పెట్టాం. అమ్మా, మీరే చెప్పాలి.

ఫార్గో నుంచి:

నాకు నచ్చింది మాస్టారూ. పైకే అని చూసుకున్నాను, చేలో పలికే మాటే. పిల్ల పురుగులకు మాత్రం ఈ గుర్తు ఉండదని రాసి పెట్టుకోవాలి. అవి పసుపుపచ్చ కలిసిన ఆకుపచ్చ రంగులో, గోధుమ రంగు తలతో, వీపు గూనిగా ఉంటాయి. రాత్రిళ్ళు తిని పగలు కొస ఆకుల మడతల్లో దాక్కుంటాయి. పగలు ఆకు తిన్న గుర్తే ఉంటుంది, పురుగు ఉండదు. కొసన లేత ఆకులు విప్పి చూడాలి. బాగా ఎదిగాక మట్టిలోకి దిగి కోశమవుతాయి. కొత్త తరం బయటికొచ్చి పువ్వు కింది పచ్చ రేకులను కొన్నాళ్ళు తిని మళ్ళీ మట్టిలోకే పోతుంది, చలికాలమంతా అక్కడే. ఇక్కడ ఏడాదికి ఒకటే తరం.

కర్నూలు సభ్యుడు:

అక్కా, జైగోగ్రామా అనే మాట మొదటిసారి చదివినప్పుడే ఎక్కడో విన్నట్టనిపించింది. ఇప్పుడు గుర్తొచ్చింది. మన వయ్యారిభామ కలుపును తినే మెక్సికో పురుగు కూడా జైగోగ్రామానే కదా?

ఫార్గో నుంచి:

అదే తమ్ముడూ. జైగోగ్రామా బైకలరేటా, రెండు రంగులది. 1983లో మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగళూరులో వదిలారు. అక్కణ్ణుంచి పాకుతూ వచ్చింది. మీరు వానాకాలంలో వయ్యారిభామ మీద చూసేది అదే. దీనికీ తెల్లటి పెంకుల మీద గోధుమ చారలే, కానీ తిన్నగా ఉండవు, వంకర్లు తిరుగుతాయి. తెగిన చార, చుక్క కనపడవు.

ఈ రెండు పురుగుల చుట్టరికం వల్ల ఒక పెద్ద గొడవే జరిగింది. 1990ల మొదట్లో కర్ణాటకలో ఆ మెక్సికో పురుగు పొద్దుతిరుగుడు ఆకులు తింటూ కనపడింది. అమెరికాలో దీని తోబుట్టువు పొద్దుతిరుగుడు తెగులని తెలిసినవాళ్ళకు భయం పట్టుకుంది. విచారణకు కమిటీ వేశారు. అప్పటి పరిశోధనల్లో తేలింది ఏమిటంటే, చుట్టూ ఉన్న వయ్యారిభామ పుప్పొడి ఎగిరి పొద్దుతిరుగుడు ఆకుల మీద పడింది, పుప్పొడి పడిన ఆకునే ఆ పురుగు కొరికింది. పొద్దుతిరుగుడు దాని అసలు తిండి కాదు. వయ్యారిభామ, పొద్దుతిరుగుడు రెండూ చామంతి కుటుంబానివే కాబట్టి భయపడటానికి కారణం లేకపోలేదు. కానీ ‘జైగోగ్రామా వచ్చింది’ అన్న ఒక్క మాటతో ఏ జైగోగ్రామాయో చూడకుండా హడలిపోతే, పనికొచ్చే పురుగు మీద మందు పడుతుంది.

మన చుక్కచారది ఉత్తర అమెరికా. మన పొద్దుతిరుగుడులో జైగోగ్రామా చార కనపడితే అది మెక్సికో పురుగే అయి ఉంటుంది. చారలు వంకరగా ఉన్నాయా, చుక్క ఉందా అని చూడమని చెప్పండి. చుక్క గనక నిజంగా కనపడితే, అది చాలా పెద్ద విషయం, వెంటనే పురుగును సీసాలో పెట్టి పరిశోధన కేంద్రానికి పంపాలి.

మాస్టారు:

అయితే దానికీ పేరు అవసరమే. వయ్యారిభామను తినేది కాబట్టి ‘వయ్యారిభామ పెంకు పురుగు’ సరిపోతుందా? చారల వంకర కూడా పేరులోకి రావాలంటే ‘వంకచార’ ఉంది.

కర్నూలు సభ్యుడు:

‘వంకచార’ తీసుకుంటాను మాస్టారూ. వయ్యారిభామ పేరు తగిలిస్తే, వయ్యారిభామకు పట్టిన తెగులు మనకూ అంటుకుంటుందేమోనని కొందరు భయపడతారు, ఆ మాట నాకు ఊళ్ళో ఎదురైంది. వంకచార, చుక్కచార: పక్కపక్కన బోర్డు మీద బొమ్మలు గీసి చూపిస్తే చిన్న పిల్లలకు కూడా తేడా తెలుస్తుంది. జూలైలో మా దగ్గర రైతు సమావేశం ఉంది. అక్కా, మీ ఫోటో వాడుకోవచ్చా?

ఫార్గో నుంచి:

తప్పకుండా తమ్ముడూ. అంచు వైపు నుంచి తీసిన ఇంకోటి పంపుతాను, పై నుంచి తీసినదాంట్లో చుక్క సరిగా కనపడదు.

అమ్మకు కొత్త పేరు చెప్పాను. నిన్న సాయంత్రం ఫోన్లో, పలకరింపు కూడా అవ్వక ముందే, "ఈ పొద్దు చుక్కచారలు ఎన్ని పడినాయి?" అని అడిగింది. ఇరవై మొక్కలకు పదకొండు అని చెప్పాను.