పాత గోవా బామ్ జీసస్ చర్చి: ఒక పూట సరిపోతుందా? ఏ రోజు వెళ్తే మంచిది?

గోదారిగట్టు:
నవంబరు ఆఖరి వారంలో నాలుగు రోజులు గోవాలో ఉంటాం. బస పణజిలో. మేమిద్దరం, తొమ్మిదేళ్ళ, పన్నెండేళ్ళ పిల్లలు, మోకాళ్ళ నొప్పులున్న మా అత్తగారు. బామ్ జీసస్ చర్చి కోసం ఒక పూట పెట్టుకున్నాం. శుక్రవారం పొద్దున గానీ ఆదివారం పొద్దున గానీ కుదురుతుంది. టికెట్ ఉంటుందా? మేం క్రైస్తవులం కాదు, లోపలికి రానిస్తారా? చెప్పులు ఎక్కడ వదలాలి? అక్కడ దాచిన, క్రైస్తవ మతబోధకుడు సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ దేహం దగ్గరగా కనిపిస్తుందా? పక్కన ఇంకేమైనా ఉంటే ఏది చూడాలో, ఏది వదిలేయొచ్చో కూడా చెప్పగలరు.

మాండవి_రేవు:
టికెట్ లేదు. ఏ మతం వాళ్ళయినా వెళ్ళొచ్చు, ఎవరూ ఏమీ అడగరు.

రెండు రోజుల్లో శుక్రవారమే నయం. ఆదివారం పొద్దున పూజలు జరుగుతాయి కాబట్టి చూడ్డానికి వచ్చేవాళ్ళకి దాదాపు పదిన్నర దాకా దారి ఉండదు. మామూలు రోజుల్లో ఉదయం 9 నుంచి సాయంత్రం ఆరు, ఆరున్నర దాకా తీసి ఉంటుంది. శుక్రవారంతో ఒకటే చిక్కు: సెయింట్ ఫ్రాన్సిస్ ఆఫ్ అసిసి చర్చి పక్క మఠంలో పురావస్తు శాఖ మ్యూజియం ఉంది, దానికి శుక్రవారం సెలవు. పిల్లలకి మ్యూజియం ముఖ్యం కాకపోతే పెద్ద నష్టమేం లేదు.

అసలు సంగతి మీ తేదీలది. జేవియర్ పండగ డిసెంబరు 3. దానికి ముందు తొమ్మిది రోజులు, అంటే నవంబరు 24 నుంచి, నవదిన ప్రార్థనలు నడుస్తాయి. మీరు సరిగ్గా వాటి మధ్యలో దిగుతున్నారు. ఆ రోజుల్లో ఆవరణలో పందిరి వేసి తెల్లవారుజాము నుంచే పూజలు చెప్తారు, బయట తిరనాళ్ళ అంగళ్ళు వెలుస్తాయి, బళ్ళు దూరంగా ఆపిస్తారు. అత్తగారితో కాబట్టి ఎంత దూరం నడవాలో ముందే లెక్క వేసుకోండి. పూజకీ పూజకీ మధ్య ఉండే విరామంలో లోపలికి వెళ్తే సమాధి దగ్గర నిలబడటానికి చోటు దొరుకుతుంది. తేదీలు మార్చుకోగలిగితే 24 కంటే ముందుకు జరపండి. తిరనాళ్ళు చూడాలన్న సరదా ఉంటే మాత్రం ఇదే మంచి సమయం.

పణజి నుంచి సుమారు 10 కిలోమీటర్లు. కదంబ బస్టాండులో ఫోండా వెళ్ళే బస్సులు చాలావరకు పాత గోవా మీదుగానే పోతాయి. గాంధీ సర్కిల్ దగ్గర దిగితే చర్చి నడిచేంత దూరమే. స్కూటర్ అద్దెకి తీసుకునేట్టయితే నల్ల పలక మీద పసుపు అంకెలున్న బండే తీసుకోండి. తెల్ల పలక సొంత బండిని అద్దెకి తిప్పడం నేరం, పోలీసులు ఆపితే జరిమానా మీదే. ఐదుగురు కాబట్టి మీకు ట్యాక్సీయే దారి. ఎక్కకముందే రానూ పోనూ, అక్కడ ఆగే సమయంతో కలిపి మాట్లాడుకోండి. వచ్చేటప్పుడు అక్కడ ఖాళీ ట్యాక్సీ దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు.

శౌరయ్య_మనవడు:
చెప్పులు వదలక్కర్లేదు. మన తెలుగు చర్చిల్లో గుమ్మం దగ్గర వదిలేసే అలవాటు కాబట్టి చాలామంది అక్కడా స్టాండు కోసం వెతుకుతారు. గోవాలో బూట్లతోనే లోపలికి వెళ్తారు. తీయాల్సింది టోపీ, చల్లద్దాలు. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు ఉండాలి. బీచ్ నుంచి నిక్కరుతో నేరుగా వచ్చేవాళ్ళే గుమ్మం దగ్గర ఆగిపోతుంటారు. సంచిలో ఒక చున్నీయో, పల్చటి తువ్వాలో ఉంటే గొడవ ఉండదు.

తెలుగువాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇంకొకటుంది. మీరు వెళ్ళేసరికి పూజ జరుగుతుంటే చివర్లో అందరూ వరసగా పీఠం దగ్గరికి వెళ్ళి ఏదో నోట్లో వేసుకుంటారు. ప్రసాదం పెడుతున్నారనుకుని వరసలో నిలబడకండి. అది దివ్యసత్ప్రసాదం. కతోలికుల విశ్వాసం ప్రకారం అది క్రీస్తు శరీరమే, జ్ఞానస్నానం పొంది, దానికి సిద్ధపడ్డ కతోలికులకే ఇస్తారు. మీరు బెంచీలోనే కూర్చోండి, ఎవరూ తప్పు పట్టరు. పిల్లలకి ముందే చెప్పి ఉంచండి. గుమ్మం దగ్గర గిన్నెలో ఉండేది తీర్థజలం. వేలు ముంచి సిలువ గుర్తు వేసుకోవడానికి, తాగడానికి కాదు.

ఫోటోల మాటకొస్తే, కట్టడాన్ని తీసుకోవచ్చు, ఫ్లాష్ వాడకూడదు. పీఠానికి వీపు పెట్టి నిలబడి మనుషుల ఫోటోలు తీసుకోవడం మాత్రం కుదరదు, అక్కడి సిబ్బంది వెంటనే అడ్డుకుంటారు. పూజ జరుగుతున్నంతసేపూ ఫోన్ జేబులోనే ఉండనివ్వండి. కొవ్వొత్తులు బయట అమ్ముతారు, వెలిగించేదీ బయటే, వాటికి వేరే చోటుంది. ఆ అంగళ్ళలో మైనంతో చేసిన చేయి, కాలు, పసిబిడ్డ, ఇల్లు కూడా కనిపిస్తాయి. అవి మొక్కు తీర్చుకునేవాళ్ళకి. కాలు నొప్పి తగ్గాలని మొక్కినవాళ్ళు మైనపు కాలు సమర్పిస్తారు. మన దగ్గర వెండి కళ్ళు, వెండి పాదాలు హుండీలో వేసినట్టే.

ఇంకో మాట. తెలుగు కతోలికులు ఆయన్ని పునీత ఫ్రాన్సిస్ శౌరి అంటారు. శౌరయ్య, శౌరమ్మ, శౌరి రెడ్డి అన్న పేర్లన్నీ ఈ జేవియర్ నుంచి వచ్చినవే.

చెక్కడం_పిచ్చి:
దేహం గురించి ఎక్కువ ఆశ పెట్టుకోకండి. అక్కడికి వెళ్ళి నిరాశపడేవాళ్ళలో చాలామందికి కారణం ఇదే. లోపలికి వెళ్ళి పీఠం వైపు తిరిగి నిలబడితే కుడి పక్కన ఉన్న చిన్న మందిరంలో సమాధి ఉంటుంది. వెండి పేటిక మూడంతస్తుల పాలరాతి కట్టడం పైన, మనిషి ఎత్తుకి చాలా పైన ఉంది. పేటిక పక్కల అద్దంలోంచి లోపల ఏదో ఉందని ఆనవాలు తెలుస్తుంది, అంతే. దేహం కూడా ఎండి ముడుచుకుపోయింది. కుడి ముంజేయి అందులో లేదు, 1614లో రోమ్ పంపారు, ఇప్పటికీ అక్కడి జేసు చర్చిలో ఉంది. దేహాన్ని కిందికి దించి దగ్గరగా చూపించేది పదేళ్ళకోసారి. మొన్నటిది 2024 నవంబరు 21 నుంచి 2025 జనవరి 5 దాకా జరిగింది, అదీ ఎదురుగా ఉన్న సే కతీడ్రల్ అనే పెద్ద చర్చిలో.

చూడాల్సింది సమాధినే. పేటిక గోవా కంసాలులు 1636–37లో చేసింది. దాని చుట్టూ ఆయన జీవితంలోని ఘట్టాలు చిన్న చిన్న పలకలుగా ఉంటాయి. కింది రాతి కట్టడం అరవై ఏళ్ళ తర్వాతది. ఇటలీలో టస్కనీ పాలకుడు మూడో కోసిమో ది మెదిచీ, ఫ్లారెన్స్ శిల్పి ఫొజ్జీనితో చేయించి పంపాడు. జేవియర్ తల కింద ఉన్న దిండు ఆ పాలకుడికి కానుకగా అందింది, దానికి బదులుగా ఇది. రాళ్ళు విడివిడిగా ఓడలో వస్తే 1698లో ఇక్కడ కూర్చారు. మధ్య అంతస్తులో నాలుగు వైపులా నాలుగు కంచు పలకలున్నాయి: బోధించడం, జ్ఞానస్నానం ఇవ్వడం, తరుముతున్నవాళ్ళ నుంచి నీళ్ళలో పడి తప్పించుకోవడం, చైనా తీరంలోని షాంగ్‌చువాన్ దీవిలో మరణం. అందరూ తలెత్తి పేటికనే చూస్తూ ఉండిపోతారు గనక కంటి ఎదుటికి దగ్గరగా ఉన్న ఈ కంచు పని ఎవరికీ ఆనదు. చిన్న బైనాక్యులర్ ఉంటే పట్టుకెళ్ళండి, ఇల్లు కదలకుండా ఉండే ఆ వస్తువుకి ఇంతకంటే మంచి పని దొరకదు.

జేవియర్ చనిపోయింది 1552లో. దేహం అక్కడి నుంచి మలక్కాకి, 1554లో గోవాకి వచ్చింది. ఈ చర్చి శంకుస్థాపన 1594లో, ప్రతిష్ఠ 1605లో. అంటే చర్చిని ఆయన కోసం కట్టలేదు, దేహాన్ని తర్వాతెప్పుడో ఇక్కడికి మార్చారు. అందుకే పెద్ద పీఠం మీద ఆయన కనిపించడు. బంగారు పూత చెక్క పనిలో నడుమ నిలువెత్తుకి మించి ఉన్న స్వరూపం జేవియర్ చేరిన కతోలిక సన్యాసుల సంఘం జెస్విట్ సభ స్థాపకుడు లొయోలా ఇగ్నేషియస్‌ది. ఆయన పాదాల కింద చిన్నగా కనిపించే బాలయేసుదే అసలు చర్చి. బామ్ జీసస్ అంటే మంచి యేసు అని. పిల్లల్ని బాలయేసు ఎక్కడున్నాడో వెతకమనండి, కాసేపు పడుతుంది.

గోదారిగట్టు:
చాలా థాంక్సండి. ఇంకో రెండు. ఫోటోల్లో చుట్టూ ఉన్న చర్చిలన్నీ తెల్లగా ఉన్నాయి, ఇదొక్కటే ఎర్రగా గీరేసినట్టుంది, ఎందుకు? అత్తగారు ఎంతవరకు నడవాల్సి వస్తుంది?

లేటరైట్:
గీరేసినట్టుంది అన్నారే, నిజంగానే గీరేశారు. గోవా చర్చిలన్నీ ఈ ఎర్ర జంబిట్టె రాయితో కట్టినవే. భూమిలోంచి తీసినప్పుడు మెత్తగా ఉంటుంది, కత్తితో కోసినట్టు దిమ్మలు కోయొచ్చు. గాలి తగిలాక గట్టిపడుతుంది. కానీ నిండా రంధ్రాలు, నీళ్ళు పీలుస్తుంది. అందుకే పైన సున్నం గార మందంగా పూసి, వానాకాలం దాటగానే మళ్ళీ సున్నం కొట్టేవాళ్ళు. 1950లలో పోర్చుగీసు పాలకులే, పాత కట్టడం రాయితో కనిపిస్తే బాగుంటుందని ఈ చర్చి గార తీయించేశారు. అప్పట్నుంచి గోవా వాన నేరుగా రాయి మీదే పడుతోంది. దగ్గరికి వెళ్ళి చూస్తే రాయి అంచులు గుండ్రంగా అరిగి కనిపిస్తాయి. గార మళ్ళీ పూయాలని ఒక పక్షం, ఎర్ర రంగే గుర్తు గనక వద్దని ఇంకో పక్షం. కట్టడాల సంగతి తెలిసినవాళ్ళలో ఎక్కువమంది పూయమనేవాళ్ళే, నా ఓటూ వాళ్ళకే. పిల్లల్ని గోడ గోకనివ్వకండి, పొడి రాలుతుంది.

అత్తగారికి: సమాధిని కింద నిలబడే చూస్తారు, మెట్లెక్కి చూసేది కాదు. కూర్చోవడానికి బెంచీలున్నాయి. రోడ్డు దాటితే సే కతీడ్రల్, అదీ చదునైన దారే. 1510 నవంబరు 25న, పునీత కతేరిన పండగ నాడు, పోర్చుగీసు సేనాని ఆల్బుకెర్క్ గోవాని గెలిచాడు కాబట్టి ఆమె పేరు పెట్టారు. రెండు గోపురాల్లో ఒకటి 1776లో కూలింది, మళ్ళీ కట్టలేదు. ముందు నుంచి ఫోటో తీస్తే ఒంటిచెవి కుందేలులా ఉంటుంది. మిగిలిన గోపురంలో ఉన్నదే బంగారు గంట అనే పేరున్న పెద్ద గంట. ఆ పక్కనే అసిసి చర్చి. దాని నేల మీద వంశ చిహ్నాలు చెక్కిన సమాధి రాళ్ళు పరిచి ఉంటాయి, కొన్ని అరిగి ఎగుడుదిగుడుగా ఉంటాయి. అక్కడ మాత్రం ఆమె చేయి పట్టుకోండి.

ఆమెతో వదిలేయాల్సింది గుట్ట మీది మౌంట్ మాత చర్చి. మీలో ఒకరు పిల్లల్ని తీసుకుని సెయింట్ అగస్టీన్ శిథిలాలకి వెళ్ళి రావచ్చు, బామ్ జీసస్ నుంచి నడకే, కాస్త ఎత్తు. 46 మీటర్ల గోపురంలో మిగిలిన ముక్క నిలబడి ఉంది. చర్చి కప్పు 1842లో కూలింది. అక్కడ దొరికినదాని సంగతి పిల్లలకి నచ్చుతుంది: జార్జియా రాణి కెతెవాన్‌ని 1624లో పర్షియాలో చంపితే, ఆమె ఎముకల్లో కొన్నిటిని అగస్టీనియన్ సన్యాసులు ఇక్కడికి తెచ్చి దాచారు. తవ్వకాల్లో దొరికిన ఎముక ఆమెదా కాదా తేల్చడానికి డీఎన్ఏ పరీక్ష చేసింది మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ. 2021లో మన ప్రభుత్వం అవశేషాన్ని జార్జియాకి కానుకగా ఇచ్చింది. అక్కడ నేలంతా విరిగిన ఇటుకలు, గుంతలు. స్లిప్పర్లతో వెళ్ళొద్దు.

మాండవి_రేవు:
పైవాళ్ళు చెప్పినదానికి ఒక వరస చెప్తాను. 9కి బామ్ జీసస్, ముప్పావు గంట. తర్వాత సే కతీడ్రల్, అసిసి కలిపి గంట. అప్పుడు అత్తగారిని కతీడ్రల్ ముందు తోటలో నీడలో కూర్చోబెట్టి ఒకరు తోడుండండి, రెండోవాళ్ళు పిల్లలతో అగస్టీన్‌కి. పన్నెండున్నరకి అయిపోతుంది. ఓపిక మిగిలితే కారులోనే పోర్చుగీసు కాలపు రాతి ద్వారం వైస్రాయ్ ఆర్చ్ దాకా పోయి దిగి చూసి వచ్చేయండి, ఐదు నిమిషాల పని. సెయింట్ కజెటాన్ చర్చి ఆ దారిలోనే ఉంది, రోమ్‌లోని సెయింట్ పీటర్స్ చర్చి నమూనాలో కట్టింది, గుమ్మటం కింద నేలలో బావి ఉంది. నవదినాల్లో ట్యాక్సీని గాంధీ సర్కిల్ దాకా రానివ్వకపోవచ్చు, కాబట్టి తిరుగు ప్రయాణానికి ఎక్కడ కలవాలో దిగేటప్పుడే డ్రైవరుతో అనుకోండి, ఫోన్ నంబరు కూడా తీసుకోండి.