సేవలు అందుకునేవాళ్ళకి బోర్డులో ఓటు ఇవ్వాలా?

మెట్లదారి:
మా సంస్థ కుటుంబ కౌన్సెలింగ్ చేస్తుంది, ఒంటరి వృద్ధుల్ని ఇళ్ళకి వెళ్ళి చూసుకుంటుంది, అద్దె కట్టలేనివాళ్ళకి అత్యవసర సాయం ఇస్తుంది, ఇంట్లో హింస పడలేక వచ్చిన ఆడవాళ్ళకి షెల్టర్ నడుపుతుంది. పైన జీతం లేని బోర్డు. దాని కింద డైరెక్టర్, ఫైనాన్స్ హెడ్, ప్రోగ్రామ్ హెడ్‌లు కలిసి లీడర్‌షిప్ టీమ్. ఇప్పుడు బైలాస్ (సంస్థ నియమావళి) మారుస్తున్నారు. సేవలు అందుకుంటున్నవాళ్ళలో ఇద్దరిని ఓటు హక్కుతో బోర్డులోకి తీసుకుందామని నేను ప్రతిపాదించాను. సగం మంది సై అన్నారు, సగం మంది ససేమిరా అన్నారు. వద్దన్నవాళ్ళు తెలివితక్కువవాళ్ళేం కాదు, అదే నా టెన్షన్. మీరేమంటారు?

ఖాతాపుస్తకం:
నేను వద్దనే పక్షం. బోర్డు సభ్యత్వం సన్మానం కాదండి, బాధ్యత. జీతాలు ఆగినా, ఒక పనికని ఇచ్చిన గ్రాంట్ ఇంకో పనికి మళ్ళినా, ఆడిటర్ రిమార్కు రాసినా జవాబు చెప్పాల్సింది బోర్డే. బ్యాలెన్స్ షీట్ ఎన్నడూ చూడని మనిషిని తెచ్చి అక్కడ కూర్చోబెడితే మేలు చేసినట్టా, ఇరికించినట్టా? ఇంకోటి. అద్దె సాయం తీసుకుంటున్న మనిషే అద్దె సాయం బడ్జెట్ మీద ఓటేస్తే అది కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంటరెస్ట్ కాదా? సలహా సంఘం వేయండి, వాళ్ళ మాట వినండి. ఓటు దాకా ఎందుకు?

ఫీల్డుమనిషి:
ఖాతాపుస్తకం గారూ, పెద్ద చెక్కు ఇచ్చి బోర్డులోకి వచ్చినవాళ్ళని బ్యాలెన్స్ షీట్ చదవడం వచ్చా అని ఎప్పుడైనా అడిగారా? ఇక కాన్‌ఫ్లిక్ట్ అంటారా, ఆఫీసు బిల్డింగ్ ఓనరే బోర్డులో ఉంటే ఏం చేస్తాం? లీజు చర్చకొచ్చినప్పుడు ఆయన బయటికి వెళ్తాడు, ఆ సంగతి మినిట్స్‌లో రాస్తాం. వీళ్ళకీ అదే రూలు. తన సొంత కేసు వస్తే లేచి వెళ్తుంది, అంతే.

సలహా సంఘం ముచ్చట కూడా చెప్తాను. నేను ఇంతకుముందు పనిచేసిన చోట ఒకటి ఉండేది. అక్కడి కౌన్సెలింగ్ సెంటర్ పొద్దున పదింటికి తెరిచి సాయంత్రం ఐదింటికి మూసేవాళ్ళు. రావాల్సినవాళ్ళలో చాలామంది సరిగ్గా ఆ వేళకే పనిలో ఉంటారు. సాయంత్రం ఇంకో రెండు గంటలు తెరిచి ఉంచమని సంఘం అడుగుతూనే ఉండేది. బోర్డు మినిట్స్‌లో ప్రతిసారీ ఒకటే వాక్యం: ‘సలహా సంఘం సూచనను నమోదు చేసుకోవడమైనది.’ ఆ వెంటనే తర్వాతి అంశం. అపాయింట్‌మెంట్ తీసుకుని రానివాళ్ళ గురించి రిపోర్టులో మాత్రం ‘క్లయింట్లలో ఆసక్తి లోపించింది’ అని రాసేవాళ్ళు.

పాతఫైలు:
ఇదేం కొత్త గొడవ కాదు. అమెరికాలో 1964 నాటి ఎకనామిక్ ఆపర్చునిటీ చట్టం, పేదరిక నిర్మూలన కార్యక్రమాలు ఎవరి కోసం నడుస్తాయో వాళ్ళకే వాటిలో వీలైనంత ఎక్కువ భాగస్వామ్యం ఉండాలంది. స్థానిక నాయకులు భగ్గుమన్నారు. 1967లో సవరణ తెచ్చారు. దాని ప్రకారం ఆ కార్యక్రమాల్ని ఊళ్ళలో నడిపే కమ్యూనిటీ యాక్షన్ సంస్థల బోర్డుల్లో మూడో వంతు ప్రభుత్వ ప్రతినిధులు, కనీసం మూడో వంతు పేదల ప్రతినిధులు ఉండాలి. ఆ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. అక్కడే ఫెడరల్ గ్రాంట్‌తో నడిచే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లలో అయితే బోర్డులో కనీసం 51 శాతం మంది ఆ సెంటర్ పేషెంట్లే ఉండాలి. బడ్జెట్ ఆమోదించేదీ, సీఈవోని పెట్టుకునేదీ తీసేసేదీ ఆ బోర్డే. సెంటర్ ఏ వేళల్లో తెరవాలన్నది కూడా దాని చేతిలోనే ఉంటుంది. సెంటర్ ఉద్యోగులకి మాత్రం బోర్డులో చోటు లేదు. ఆ రూలు పెట్టినవాళ్ళ భయం జీతం తీసుకునేవాళ్ళ ప్రయోజనాల గురించి, వైద్యం చేయించుకునేవాళ్ళ గురించి కాదు.

కాకపోతే మెట్లదారి గారికీ ఒక చురక. షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే అమెరికన్ విధాన విశ్లేషకురాలు 1969లో ప్రజల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్లుగా విడదీసి చూపించారు. సమాచారం ఇవ్వడం, అభిప్రాయం అడగడం, ఏరికోరి ఒకరిద్దరిని బోర్డులో కూర్చోబెట్టి సముదాయించడం... ఈ మూడింటినీ ఆవిడ మొక్కుబడి కిందే లెక్కగట్టారు. మీ ఇద్దరు సభ్యులు ఏ మెట్టు మీద ఉన్నారో చూసుకోండి.

ఖాతాపుస్తకం:
నేననేదీ అదేగా! అంతమంది మధ్య ఇద్దరు చేయెత్తితే ఏం మారుతుంది? వార్షిక నివేదికలో ఫొటోకి పనికొస్తారు. ఇస్తే 51 శాతం ఇవ్వండి, లేదంటే ఊరుకోండి. మధ్యలో ఈ నాటకం దేనికి?

రెండోకుర్చీ:
నాటకం అన్నారు కాబట్టి, అందులో వేషం వేసినదాన్ని చెప్తాను. వేరే సంస్థ నడిపే ఇలాంటి షెల్టర్‌లోనే కొన్నాళ్ళు ఉన్నాను. బయటపడ్డాక ఆ సంస్థే నన్ను బోర్డులోకి పిలిచింది. కాగితాలు మీటింగ్ ముందురోజు రాత్రి మెయిల్లో వచ్చేవి, నా ఫోన్లో తెరుచుకునేవి కావు. నేను వెళ్ళేసరికి అసలు విషయం మిగతావాళ్ళు వాట్సాప్‌లో తేల్చేసుకుని ఉండేవాళ్ళు. ఆ గ్రూపులో నేను లేను. నా వంతు రాగానే ‘అమ్మా, మీ అనుభవం చెప్పండి’ అనేవాళ్ళు. ఎంతసేపూ అనుభవమే. బడ్జెట్ పేజీ వస్తే ఎవరూ నా వైపు చూసేవాళ్ళు కాదు.

ఒకసారి ‘ఇతర ఖర్చులు’ అనే పద్దులో కోత పెడుతున్నారు. అందులో ఏమేం ఉన్నాయండీ అని అడిగాను. ఫైనాన్స్ ఆయన ల్యాప్‌టాప్‌లో వెతికి చెప్పాడు: షెల్టర్‌లో ఉన్న ఆడవాళ్ళు కోర్టుకీ ఆసుపత్రికీ వెళ్ళొచ్చే రానుపోను ఖర్చులు. అప్పటిదాకా ఆ గదిలో ఎవరికీ తెలియదు. కోత ఆగింది. ఓటింగ్ దాకా వెళ్ళనే లేదు. మరి ఓటెందుకంటారా? ఓటున్న సభ్యురాలిని కాబట్టే ఆ పేజీ నా చేతికొచ్చింది. సలహా సంఘానికి ఇచ్చేది రంగుల బ్రోషర్.

కాబట్టి ఇద్దరైనా సరే, పెట్టండి. కాకపోతే ఇద్దరిలో ఒకరు ఫైనాన్స్ కమిటీలో ఉండాలి. కాగితాలు వారం ముందే రావాలి. మీటింగ్ కోసం పని మానుకుంటే ఆ రోజు కూలి సంస్థ ఇవ్వాలి. వాళ్ళని డైరెక్టర్ ఏరకూడదు, సేవలు అందుకునేవాళ్ళే ఎన్నుకోవాలి. డైరెక్టర్ ఏరితే నాలాంటి నోరు లేనిదాన్నే ఏరతారు. (నాకు నోరుందని వాళ్ళకి ఆలస్యంగా తెలిసింది లెండి.)

మూడోఅంతస్తు:
మీరంతా బోర్డు చుట్టూనే తిరుగుతున్నారు. బోర్డు కూర్చునేది మూడు నెలలకోసారి. ఏ ప్రోగ్రామ్ ఉంచాలి, ఏది మూసేయాలన్నది లీడర్‌షిప్ టీమ్‌లో ముందే ఖాయమైపోతుంది, బోర్డు సంతకం పెడుతుంది. ప్రోగ్రామ్ హెడ్ ఉద్యోగానికి పీజీ తప్పనిసరి అనే షరతు తీసేసి, ఏళ్ళ తరబడి కేసులు చూసినవాళ్ళని, ఒకప్పుడు క్లయింట్లుగా వచ్చినవాళ్ళని ఆ పోస్టులోకి తీసుకోండి. అసలు మార్పు అక్కడ.

ఫీల్డుమనిషి:
అదీ కావాలి. కానీ ఆ పోస్టులో ఉన్నవాళ్ళు డైరెక్టర్ కింద పనిచేస్తారు, బోర్డు సభ్యురాలు డైరెక్టర్‌ని ప్రశ్నిస్తుంది. ఒకటి రెండోదానికి బదులు కాదు.

ఖాతాపుస్తకం:
ఎన్నిక అనడం తేలికే. కేసు కొన్ని నెలల్లో ముగిసిపోతుంది, మరి ఓటర్లెవరు? ఎన్నికైన మనిషి ఫైలు మూసిన మర్నాడు సభ్యత్వం పోతుందా? అన్నిటికన్నా ముందు, ఓటర్ల జాబితా అంటే ఎవరు షెల్టర్‌లో ఉన్నారో కాగితం మీద పెట్టడమే. అది బయటికి పొక్కితే వెతుక్కుంటూ వచ్చే మొగుళ్ళున్నారు. దీనికి జవాబు చెప్పండి.

రెండోకుర్చీ:
జాబితా భయం నిజమే, నాకు తెలిసినంత బాగా మీకు తెలియదు. అందుకే జాబితా వద్దు. ఒక వారం ఎంచుకుని, ప్రతి సెంటర్‌లో ఆ వారం వచ్చినవాళ్ళు చీటీ మీద ఒక పేరు రాసి పెట్టెలో వేస్తారు. రాసినవాళ్ళ పేరు ఎక్కడా ఉండదు. గెలిచినవాళ్ళకి రెండేళ్ళ పదవి, మధ్యలో ఫైలు మూసినా కొనసాగుతారు. షెల్టర్‌లో ఉన్నవాళ్ళు ఓటేయొచ్చు, పోటీకి నిలబడేది మాత్రం బయటికొచ్చి స్థిరపడ్డాకే.

మెట్లదారి:
డ్రాఫ్ట్ మార్చాను. ఫైనాన్స్ కమిటీ సీటు, వారం ముందు కాగితాలు, చీటీల పద్ధతి చేర్చాను. ఇద్దరిని ముగ్గురు చేశాను, దీని మీద ఎలాగూ గొడవవుతుంది. ఖాతాపుస్తకం గారూ, కొత్తగా వచ్చేవాళ్ళకి అర్థమయ్యేలా ఆదాయ వ్యయాల పట్టిక రెండు పేజీల్లో నమూనా చేసిపెట్టగలరా? ‘ఇతర ఖర్చులు’ అనే పద్దు లేకుండా.

ఖాతాపుస్తకం:
చేసిపెడతాను. ఆ పద్దు ఉండకూడదని నేనూ చాలాకాలంగా మొత్తుకుంటున్నాను. ఓటు విషయంలో మాత్రం నాది ఇప్పటికీ వద్దనే మాటే.