సస్పెండైన లైసెన్స్, లేని ఇన్సూరెన్స్: ఏది పెద్ద తప్పు?

కాలవగట్టు:
మా పిన్ని కొడుకు డెలివరీ పని చేస్తాడు. ఫోన్ మాట్లాడుతూ బండి నడిపాడని లైసెన్స్ 3 నెలలు సస్పెండ్ చేశారు. పని పోతుందన్న భయంతో ఆ 3 నెలల్లోనే మళ్ళీ బండి తీశాడు. తనిఖీలో దొరికాడు. చూస్తే ఇన్సూరెన్స్ కూడా ఎప్పుడో అయిపోయింది! ఇప్పుడు కోర్టుకి వెళ్ళాలి. ఇంట్లో అందరికీ లైసెన్స్ గురించే టెన్షన్, ఎందుకంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 182 కింద 3 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఇన్సూరెన్స్ లేనందుకు సెక్షన్ 196 కింద కూడా జైలు 3 నెలల వరకు ఉంది గానీ, జరిమానా మొదటిసారి 2,000 మాత్రమే. అందుకని దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోవట్లేదు. నాకేమో అసలు పెద్ద తప్పు అదేననిపిస్తోంది. మీరేమంటారు?

నల్లకోటు:
ఒప్పుకోను. ఇన్సూరెన్స్ అయిపోవడం చాలామందికి మరుపు వల్ల జరుగుతుంది. సస్పెన్షన్ అలా కాదు, నడపొద్దని ఆర్డర్ ఇచ్చాక తెలిసి నడపడం. ఆ కాలంలో లైసెన్స్ చేతిలో ఉన్నా చెల్లదు. 2019 సెప్టెంబర్ 1 దాకా ఈ తప్పుకి జరిమానా 500 ఉండేది, దాన్ని 10,000 చేశారంటే కారణం ఉంది. ఆర్డర్ అన్యాయమనిపిస్తే అందిన 30 రోజుల్లో అప్పీలు చేసుకునే దారి చట్టంలోనే ఉంది. అది వదిలేసి రోడ్డెక్కితే మేజిస్ట్రేట్‌కి కోపం రాదా?

వేపచెట్టునీడ:
లాయరు గారూ, మీరు కోర్టు వైపు నుంచి చూస్తున్నారు. నేను దెబ్బ తిన్నవాళ్ళ వైపు నుంచి చెబుతాను. మా నాన్నగారిని గుద్దిన బండికి ఇన్సూరెన్స్ లేదు. ట్రిబ్యునల్ పరిహారం ఇమ్మని తీర్పిచ్చింది. ఇవ్వాల్సిన మనిషి దగ్గర ఏమీ లేదు. తీర్పు కాగితం బీరువాలో ఉంది, ఆపరేషన్ అప్పు మేం కట్టుకున్నాం.

అదే పాలసీ ఉండి, నడిపినవాడి లైసెన్స్ మాత్రమే చెల్లనిదైతే? 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన దాన్ని బట్టి, అలాంటి చాలా కేసుల్లో కంపెనీ ముందు బాధితుడికి కట్టి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకుంటుంది. అంటే లైసెన్స్ లేకపోతే మునిగేది నడిపినవాడు. ఇన్సూరెన్స్ లేకపోతే మునిగేది రోడ్డు పక్కన నడిచి వెళ్ళేవాడు. జరిమానాలు చూడండి, సరిగ్గా తలకిందులుగా ఉన్నాయి!

మూడుచక్రాలు:
అక్కా, మీ బాధ అర్థమైంది. నేను ఆటో వాణ్ణి. లైసెన్స్ ఆగితే ఆ రోజు నుంచే పొయ్యి ఆగుతుంది. ఇన్సూరెన్స్ కట్టని వాళ్ళందరూ పొగరుతో కట్టరా? ఫైనాన్స్ వాయిదా ముందు కడతాం, ఇది వెనక్కి పోతుంది. శిక్ష వేసేటప్పుడు పొట్టకూటి కోసం నడిపినవాణ్ణి, సరదాకి తిరిగినవాణ్ణి ఒకే గాటన కట్టకూడదు.

వేపచెట్టునీడ:
తమ్ముడూ, ఆటోకి ప్రీమియం బరువే, కాదనను. కానీ ఈ అబ్బాయిది బైకు. 2022 జూన్‌లో అమలైన రేట్ల ప్రకారం 75 దాటి 150 సీసీ లోపు బండికి థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి పనికొచ్చే పాలసీ, మాత్రమే అయితే ఏడాదికి 714 రూపాయలు, పైన జీఎస్టీ. చట్టం అడిగేది ఆ థర్డ్ పార్టీ ఒక్కటే. చాలామంది ఫుల్ పాలసీ రేటు చూసి భయపడి అసలు ఏదీ తీసుకోరు. ఈ సంగతి షోరూముల్లో ఎవరూ విడమరిచి చెప్పరు, అదే నా కోపం.

నల్లకోటు:
జరిమానాల తేడా విషయంలో మీ మాటకి నా దగ్గర జవాబు లేదు, 2,000 తక్కువే. కానీ సస్పెన్షన్‌కి విలువ లేకపోతే, ప్రమాదకరంగా నడిపేవాళ్ళని రోడ్డు మీద నుంచి తప్పించే దారి ఇంకేముంది? ఆ మాట మీద మాత్రం కదలను.

కాలవగట్టు గారికి: రెండు సెక్షన్లలోనూ జైలు రాసి ఉంది కాబట్టి, తప్పు ఒప్పుకునే ముందు లాయరుతో మాట్లాడమనండి. స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, ఆదాయ పరిమితి లోపు ఉన్నవాళ్ళకి, ఎస్సీ, ఎస్టీలకి, మహిళలకి ఉచితంగా లాయరుని ఇస్తారు. ఆ బండి ఎవరి పేరున ఉంది?

కాలవగట్టు:
మా బాబాయి పేరున.

నల్లకోటు:
అయితే ఆయన కూడా జాగ్రత్త. చెల్లే లైసెన్స్ లేనివాడికి బండి ఇచ్చినందుకు ఓనరు మీద సెక్షన్ 180 పెట్టొచ్చు, 196 కూడా ఓనరుకి వర్తిస్తుంది. ఇద్దరూ కలిసి లాయరు దగ్గరికి వెళ్ళండి.

కాలవగట్టు:
ఇది మాకు తట్టనే లేదు. థర్డ్ పార్టీ పాలసీ ఇవాళే తీసుకున్నాం. పాత తప్పు దీంతో పోదని తెలుసు, అయినా కోర్టులో చూపిస్తాం. సస్పెన్షన్ ఇంకా 5 వారాలుంది. అప్పటిదాకా తాళాలు బాబాయి దగ్గరే ఉంటాయి, కోర్టుకి కూడా బస్సులోనే వెళ్తారు.